హాలు తలుపు రెండు రెక్కలూ తెరవండి

మన కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి గార్లకు, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

పోయిన గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి కాలనీ వాట్సాప్ గ్రూపులో మీరు పెట్టిన నోటీసు చదివాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కమ్యూనిటీ హాలును ‘వైద్య సంబంధమైన కార్యక్రమాలకు’ ఉచితంగా ఇవ్వబోమని, కావాలంటే గంటకి పదిహేను వందలు అద్దె కట్టుకోవచ్చని, లేదంటే పొద్దున్న ఆరింటికి మేడమీద గది వాడుకోవచ్చని, ‘సంబంధిత పేషెంట్లు వ్యాయామం ఇళ్లలోనే చేసుకోవడం ఉత్తమం’ అని అందులో ఉంది. ఆ పేషెంట్లం మేమే, వణుకుడు జబ్బు అంటే పార్కిన్సన్స్ వచ్చి, వారానికి మూడు రోజులు ఆ హాల్లో కలిసి వ్యాయామం చేసే తొమ్మిది మందిమి. దాని కింద పదకొండు చప్పట్ల బొమ్మలు, నాలుగు దండాల బొమ్మలు పడ్డాయి. ఆ దండాల్లో ఒకటి నాది. వేలు వణికి బొమ్మ మీద పడింది, వెనక్కి తీసుకునేలోపు అందరూ చూసేశారు. కాబట్టి ముందుగా ఆ దండాన్ని రద్దు చేసుకుంటున్నాను. మిగతాది ఈ ఉత్తరం.

నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. తనకి బాగోలేదనిపించిన మాటలు తీసేస్తానని ముందే షరతు పెట్టింది. ఇందులో కోపం కాస్త తక్కువగా కనిపిస్తే ఆ పుణ్యం తనది.

నేనెవరో పాతవాళ్లకి తెలుసు. ఈ సంఘానికి రెండు దఫాలు కోశాధికారిగా చేశాను. హాలు కట్టినప్పుడు ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసి రసీదులు రాసిన ఇద్దరిలో నేనొకణ్ణి. ఉద్యోగం బ్యాంకులో, ముప్పై ఒక్కేళ్లు క్యాషియర్ సీటు. ఎదురుగా నిలబడినాయనతో వాళ్లమ్మాయి పెళ్లి కబుర్లు మాట్లాడుతూనే వంద నోట్ల కట్ట లెక్కపెట్టేవాణ్ణి. కబుర్లూ ఆగేవి కావు, లెక్కా తప్పేది కాదు. రిటైర్మెంటుకి రెండేళ్ల ముందు కుడి బొటనవేలు మొరాయించింది. నోట్లు ఒక్కొక్కటిగా జారడం మాని రెండేసి రావడం మొదలెట్టాయి. కొత్త నోట్లు కదా, అతుక్కుంటున్నాయి అనుకున్నాను. స్పాంజి మార్చాను. అప్పటికే ఇంట్లో పప్పు మాడుతున్నా నా ముక్కుకి తెలియడం లేదని మా ఆవిడ గొడవపడుతుండేది. అది కూడా ఈ జబ్బు పనేనని, చెయ్యి మొరాయించడానికి కొన్నేళ్ల ముందే వాసన పోవచ్చని తర్వాత డాక్టరు చెప్పారు. ఆ పైన అక్షరం చిక్కిపోయింది. లైను మొదట్లో బఠాణీ అంత ఉన్నది చివరికొచ్చేసరికి ఆవగింజ. ఒకసారి నా చెక్కు సంతకం కలవలేదని వెనక్కొచ్చింది, నేను పనిచేసిన బ్రాంచి నుంచే.

వణుకుడు జబ్బు అంటారు మనవాళ్లు. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు దీని మీద చిన్న పుస్తకం రాసినప్పుడు ఆయన కూడా పేరులో వణుకే పెట్టాడు. ఆయన రాసింది ఆరుగురు రోగుల గురించి. వాళ్లలో కొందరిని చూసింది వైద్యశాలలో కాదు, వీధిలో. అంటే నడక చూసే పట్టేయొచ్చన్నమాట. నిజానికి వణుకు లేని పార్కిన్సన్స్ వాళ్లూ ఉంటారు, మా బృందంలోనే ఇద్దరున్నారు. అసలు చిక్కు ఒళ్లు బిగుసుకుపోవడం, ప్రతి కదలికా నెమ్మదించడం. మెదడు అడుగున నల్లగా కనిపించే ఒక చిన్న భాగం ఉంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనం తయారు చేస్తాయి. ఆ కణాలు ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా చచ్చిపోతుంటాయి. చెయ్యి వణికి మనం డాక్టరు దగ్గరికి పరిగెత్తేసరికి వాటిలో చాలా వాటా ఎప్పుడో పోయి ఉంటుంది.

దీనివల్ల పోయేది బలం కాదు, అలవాటు. నోట్లు లెక్కపెట్టడం నాకు అలవాటైన పని, వేళ్లే చూసుకునేవి. మీకు నడవడం, కుర్చీలోంచి లేవడం, మంచం మీద పక్కకి ఒత్తిగిలడం అలాంటివే. నాకిప్పుడు అడుగు తీసి అడుగు వెయ్యడమంటే కొత్తగా చేరిన కుర్రాడు మొదటి కట్ట లెక్కపెట్టినట్టు. ప్రతి అడుగుకీ మనసు పెట్టాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది. మెట్ల దగ్గర మీరు ‘బాగున్నారా’ అంటే జవాబివ్వకుండా వెళ్లిపోయిన రోజులున్నాయి. పొగరనుకోకండి. ముఖం మీద నవ్వు రావడం కూడా కండరాల పనే కదా, అదీ ఆలస్యమవుతోంది.

గుమ్మాల సంగతి వేరే చెప్పాలి. చావిట్లో దర్జాగా నడిచే మనిషి ఇరుకు గుమ్మం దగ్గరికి రాగానే ఆగిపోతాడు, పాదాలకి మేకులు కొట్టినట్టు. పై ఒళ్లు ముందుకి పోతుంది, కాళ్లు రావు. పడేది అప్పుడే. డాక్టర్లు దీన్ని ఫ్రీజింగ్ అంటారు. మా వంటింటి గడప దగ్గర ఒకరోజు అలా నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, నాకు కనిపిస్తున్నాయి, కాలు లేవదు. మా ఆవిడ వెనక నుంచి తొయ్యబోయి మళ్లీ ఎందుకో ఆగింది. తోసుంటే ముందుకి పడేవాణ్ణి. ముగ్గు డబ్బా తెచ్చి నా పాదాల ముందు మూరెడేసి దూరంలో అడ్డంగా నాలుగు గీతలు వేసింది. ‘వాటిని తొక్కకుండా దాటండి’ అంది. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల ఆడినట్టు దాటేశాను. నాలుగో గీత దాటేసరికి పొయ్యి దగ్గరున్నాను. పాలు పోయాయనుకోండి, అది వేరే విషయం.

ఆమెకి ఎవరూ నేర్పలేదు. మా ఫిజియోథెరపిస్టు అమ్మాయిని అడిగితే ఇది తెలిసిన కిటుకేనంది. లోపలి నుంచి రావలసిన ఆజ్ఞ రానప్పుడు కంటికి గీత కనిపించినా, చెవికి తాళం వినిపించినా మెదడు ఇంకో దారి వెతుక్కుని కాలు కదుపుతుందట. నాలుగడుగులు వెయ్యలేని 58 ఏళ్ల మనిషి సైకిలెక్కి హాయిగా తొక్కుకుంటూ వెళ్లిపోవడం నెదర్లాండ్స్ డాక్టర్లు వీడియో తీసి 2010లో ఒక పెద్ద వైద్య పత్రికలో పెట్టారు. నమ్మశక్యంగా ఉండదు గానీ మాకు ఆశ్చర్యం లేదు.

మీ నోటీసులో ‘గ్రానైట్ మీద పిచ్చి గీతలు’ అని ఉంది చూశారా, అవి ఇవే. ముగ్గు వేస్తే జారుతుందని పసుపు టేపు అంటించాం. హాలు గుమ్మం దగ్గర ఐదు, గోడ వెంట పన్నెండు.

ఇక పొద్దున్న ఆరు గంటల సంగతి. ఆ వేళకి వాకింగువాళ్లంతా లేచే ఉంటారు కాబట్టి మీరు మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు. మా గడియారం వేరు. మా గడియారం మాత్ర. లెవోడోపా మాత్ర వేసుకుని అరగంటో గంటో గడిస్తే ఒళ్లు తెరుచుకుంటుంది, కొన్ని గంటలు బాగుంటుంది, తర్వాత దిగిపోతుంది. ‘ఆన్‌లో ఉన్నారా, ఆఫ్‌లో ఉన్నారా’ అని మాలో మేం అడుక్కుంటాం, కరెంటు గురించి అడిగినట్టు. రాత్రంతా మందు లేని ఒంటితో పొద్దున్న ఆరింటికి చొక్కా బొత్తాలు పెట్టుకోవడమే మాకు పెద్ద కసరత్తు. పైగా మాంసకృత్తులు ఎక్కువున్న తిండితో కలిపి వేసుకుంటే మాత్ర సరిగా ఎక్కదు. పెసరట్టుకీ మాత్రకీ మధ్య ఎడం ఉండాలి. మాత్ర, టిఫిను, స్నానం, లిఫ్టు, హాలు. ఎంత తొందరపడ్డా పదిన్నర అవుతుంది. పదిన్నర మా సరదా కొద్దీ అడిగిన టైము కాదు.

మాటల్లో మాట. ఈ లెవోడోపాకి మన చేలగట్లతో చుట్టరికం ఉంది. దూలగొండి తీగ తెలుసు కదా, కాయ నూగు తగిలితే ఒళ్లంతా దురద. దాని గింజల్లోంచి ఇదే పదార్థాన్ని 1937లో దామోదరన్, రామస్వామి అని మన దేశపు శాస్త్రవేత్తలు ఇద్దరు వేరుచేశారు. అది పార్కిన్సన్స్‌కి మందవుతుందని తేలడానికి మాత్రం 1960లు రావాల్సి వచ్చింది. ఇది చదివి దూలగొండి పొడి ఎక్కడ దొరుకుతుందని నాకు ఫోన్ చెయ్యకండి. మోతాదు తెలియని పొడిని మాత్రకి తోడు చేసుకుంటే ఏమవుతుందో మా డాక్టరు నాకు అరగంట క్లాసు పీకారు.

‘వారానికి మూడు రోజులు కేకలు’ అని ఫిర్యాదు వచ్చిందన్నారు. వచ్చింది నిజమే, కేకలూ నిజమే. ఈ జబ్బులో గొంతు చిన్నదైపోతుంది. అయిందని మనకి తెలియదు. మామూలుగానే మాట్లాడుతున్నామనుకుంటాం, ఇంట్లోవాళ్లు టీవీ సౌండు తగ్గించి ‘ఏంటీ?’ అంటారు. రెండుసార్లు అడిగించుకున్నాక మూడోసారి మాట్లాడ్డమే మానేస్తాం. అందుకని మాకు అరిచినట్టు అనిపించేంత గట్టిగా పలకాలి, అప్పుడు మీకు మామూలుగా వినపడుతుంది. మొదట్లో ఫిజియో అమ్మాయి అంకెలు చెప్పించేది. ఒకటి, రెండు, మూడు అంటూ ఆరోది దాటేసరికి గుసగుసలోకి దిగిపోయేవాళ్లం. మాలో ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఆయన ఒకరున్నారు. ఇంట్లో ఆయన మాట కోడలికి కూడా వినపడదు. ఒకరోజు ఆయనకి ఏం బుద్ధి పుట్టిందో లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి, ‘మెహిదీపట్నం! మాసబ్‌ట్యాంక్! లక్డీకాపూల్! నాంపల్లి! ఆబిడ్స్! కోఠీ!’ అన్నారు. హాలు అదిరింది. ఆయనా అదిరిపోయారు. అప్పట్నుంచి అంకెలు పోయి స్టాపులు వచ్చాయి. ఆయన ఒక స్టాపు అంటారు, మిగతా ఎనిమిది మందిమీ అదే అని ఒక పెద్ద అడుగు వేస్తాం. కోఠీ వచ్చాక ‘రైట్ రైట్’ అని వెనక్కి తిరుగుతాం. గిరుక్కున కాదు, బస్సు మలుపు తిరిగినట్టు పెద్ద వంపుతో. అక్కడికక్కడ తిరిగితే కాళ్లు మెలిపడి పడతాం. బి బ్లాకు మొదటి అంతస్తువారికి పదకొండింటికి వినపడే కోఠీ ఇదే. కిటికీలు మూసుకుని చేస్తాం, అంత వరకు ఒప్పుకుంటున్నాను. గొంతు తగ్గించమంటే మాత్రం కుదరదు, దాని కోసమే వస్తున్నాం.

ఆ గంటలో మిగతా అంతా చెబితే మీకు విసుగొస్తుంది. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేవడం, చేతులు బార్లా చాపి గోడ తాకడం, స్టీలు గ్లాసులో నీళ్లు తొణక్కుండా నడుస్తూ పదిహేడో ఎక్కం వెనక నుంచి చెప్పడం లాంటివి. చివరి పావుగంట కోలాటం.

కోలాటం మా అందరిలోకీ పెద్దావిడ తెచ్చింది. డెబ్బై నాలుగేళ్లు, నల్లగొండ వైపు మనిషి. కూర్చుంటే ఆవిడ కుడిచెయ్యి ఒళ్లో పిట్టలా కొట్టుకుంటుంది. వచ్చిన మొదటి రెండు వారాలూ ఆ చేతిని కొంగు కింద దాచుకుని కూర్చుంది. మూడో వారం సంచిలో రెండు కర్రలు తెచ్చి, ‘చేతుల కర్రుంటే చేతికి పనుంటది బిడ్డా, వణికెతందుకు తీరికేడిది’ అంది ఫిజియో అమ్మాయితో. ఆ అమ్మాయి అవునంది. ఈ జబ్బులో వణుకు చెయ్యి ఊరకే ఉన్నప్పుడే ఎక్కువ, పని చెబితే తగ్గుతుందట. ఇక కోలాటంలో ఏముందో చూడండి. కర్ర తగలాలంటే చెయ్యి పూర్తిగా చాపాల్సిందే, చిన్న కదలికతో పని జరగదు. తాళం ఉంది, అది కాలిని లాగుతుంది. ఎదుటి మనిషి కర్ర గాల్లోకి వచ్చేసింది కాబట్టి మన కర్ర ఆలస్యంగా వెళ్లడానికి వీల్లేదు. జత మారాలి కాబట్టి వంపు తిరగాలి. నిలబడలేని ఇద్దరూ కుర్చీల్లో కూర్చునే కర్ర కలుపుతారు. పట్టు జారకుండా కర్రలకి సైకిలు హ్యాండిల్ గ్రిప్పులు తొడిగాం. మా తాతలు రామాలయం ముందు చేసినదాన్ని మేం గ్రానైట్ మీద చేస్తున్నాం, అంతే.

గుంపుగా చెయ్యడం మేం కనిపెట్టిన వింతేం కాదు. న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్ పార్కిన్సన్స్ బృందం, మార్క్ మోరిస్ డాన్స్ గ్రూప్ కలిసి 2001లో నాట్యం క్లాసులు మొదలుపెట్టాయి. ఇండియానాపొలిస్‌లో నలభై ఏళ్లకే ఈ జబ్బు వచ్చిన స్కాట్ న్యూమన్ అనే ప్రాసిక్యూటరు బాక్సింగ్ గ్లవుసులు తొడిగి బాగుపడుతున్నట్టనిపించి, 2006లో తనలాంటివాళ్లందరినీ పోగేశాడు. మన పుణెలో హృషీకేశ్ పవార్ అనే నాట్యకారుడు 2010 నుంచి వీళ్లకి నాట్యం నేర్పుతున్నారు. హైదరాబాద్‌లో ఒక కాలనీ హాల్లో కోలాటం వేస్తే తప్పేముంది?

‘ఇళ్లలోనే చేసుకోవడం ఉత్తమం’ అన్న మాట దగ్గరికొస్తాను. నోటీసులో నాకు గుచ్చుకున్నది అదే. ఇంట్లో చేసుకోవచ్చు, అబద్ధం చెప్పను. నెదర్లాండ్స్‌లో 130 మందితో చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో సగం మంది ఇళ్లలోనే కదలని సైకిలు తొక్కారు, ఆరు నెలలు, వారానికి మూడుసార్లు. ఊరికే ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసిన మిగతా సగంతో పోలిస్తే వాళ్ల కదలికలు తక్కువగా దిగజారాయి. అయితే వాళ్ల సైకిలు ముందు తెర మీద ఆటలున్నాయి, దూరం నుంచే కనిపెట్టుకుని ఉండే కోచ్ ఉన్నాడు. మా అబ్బాయి నాకూ ఒక సైకిలు కొనిచ్చాడు. మొదటి వారం తొక్కాను. ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి.

బద్ధకం అనకండి. డోపమైన్ తగ్గితే కాళ్లే కాదు, ఏదైనా మొదలుపెట్టాలన్న కోరిక కూడా తగ్గుతుంది. దిగులు కూడా ఈ జబ్బులో భాగమే, జబ్బొచ్చిందన్న బెంగతో వచ్చేది మాత్రమే కాదు. అలాంటి మనిషిని ‘నీ గదిలో నువ్వు రోజూ గంట చేసుకో’ అంటే ఎలా? హాలుకి రాకపోతే పదకొండున్నరకి కండక్టరు గారు ఫోన్ చేస్తారు. ఆయన గొంతు ఫోన్లో అసలు వినపడదు, ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది, అయినా ఆయనేనని తెలుస్తుంది. తర్వాతి క్లాసుకి ఆ భయానికైనా వెళతాను. చాలామందికి వణికే చోట చెయ్యి దాచుకోనక్కర్లేదు. అది ఏ సైకిలు ముందూ దొరకదు.

పరిశోధనల గురించి మరీ చెప్పను గానీ, మీలో ఇద్దరు ఇంజినీర్లున్నారు, అంకెలు అడుగుతారు. 195 మందితో అమెరికాలోని ఒరెగాన్‌లో చేసి 2012లో ప్రచురించినదాంట్లో, వారానికి రెండుసార్లు గంటసేపు కలిసి తాయ్ చీ అనే చైనావాళ్ల నెమ్మది వ్యాయామం చేసినవాళ్ల నిలకడ మెరుగైంది. సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్ల కంటే తక్కువసార్లు పడ్డారు. 2018లో వచ్చిన ఇంకొకదాంట్లో 128 మంది, అందరూ జబ్బు కొత్తగా బయటపడి ఇంకా పార్కిన్సన్స్ మందు మొదలుపెట్టనివాళ్లు. వారానికి నాలుగు రోజులు గుండె గట్టిగా కొట్టుకునేలా ట్రెడ్‌మిల్ చేసినవాళ్ల స్థితి ఆరు నెలల్లో దాదాపు కదల్లేదు, చెయ్యనివాళ్లది దిగింది. వ్యాయామం జబ్బుని నయం చేస్తుందని నేననను, ఎవరూ అనలేదు. మందు పనిచేసే గంటల్ని వాడుకోవడం నేర్పుతుంది, అది చాలు.

ఇందులో ఇంకో తొమ్మిది మంది ఉన్నారు, వాళ్లని మీ నోటీసు లెక్కలోకి తీసుకోలేదు. మమ్మల్ని తీసుకొచ్చే భార్యలు, భర్తలు, ఒక కూతురు. ఆ గంట వాళ్లు హాలు బయట చెట్టు కింద కూర్చుంటారు. మొదట్లో మా జబ్బుల గురించే మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు చీరలు, చిట్టీలు, సీరియల్ కబుర్లు. నేను పడతానేమోనని రోజంతా ఒక చెవి నా మీదే వేసుకుని ఉండే మా ఆవిడకి ఆ చెవి ఖాళీ అయ్యేది ఆ గంటే. మేడమీద గది ఇస్తే ఆవిడకి చెట్టు ఉండదు, మాకు లిఫ్టు దిగాక మళ్లీ మెట్లుంటాయి.

మా తప్పులు కూడా చెబుతాను. టేపు బంక గ్రానైట్‌కి పట్టేసిన మాట నిజం. పోయిన నెల పెళ్లివాళ్లు దాని మీద కార్పెట్ వేసుకోవాల్సి వచ్చిందట, వాళ్లకి ఇబ్బందే. బంక వదలని టేపు తెస్తాం, ఫంక్షన్ ఉన్న రోజున మేమే పీకేసి మళ్లీ అంటించుకుంటాం. జూన్‌లో మాలో ఒకాయన పడ్డారు. ముందు రాత్రి భోజనాలైన హాలు కడిగి తడి ఆరకముందే మేం దిగాం. మోకాలు గీసుకుపోయింది తప్ప ఏమీ కాలేదు. కానీ ఆ సంగతి అదే రోజు మీకు చెప్పకుండా దాచాం. చెబితే హాలు పోతుందని భయపడ్డాం. చెప్పకపోవడం వల్లే పోయేలా ఉంది. ఎవరికైనా ఏమైనా అయితే సంఘం మీదకి వస్తుందన్న మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది, కోశాధికారిగా చేసినవాణ్ణి. తొమ్మిది మందిమీ, మా ఇంటివాళ్లూ బాధ్యత మాదేనని సంతకాలు చేసిన కాగితం ఇస్తాం. ఫిజియో అమ్మాయి జీతం మేమే వేసుకుంటున్నాం, సంఘం మీద పైసా పడటం లేదు.

‘చూడ్డానికి బాగోలేదు, పిల్లలు భయపడుతున్నారు’ అని ఎవరో అన్నారని విన్నాను. నోటీసులో లేదు కాబట్టి మీ మాట కాదనే అనుకుంటున్నాను. వేసవి సెలవుల్లో నలుగురు పిల్లలు హాలు కిటికీ ఊచలు పట్టుకుని మాతో పాటు లక్డీకాపూల్ అని అరిచేవాళ్లు. భయపడింది పిల్లలు కాదు.

ఏప్రిల్ 11న, అంటే ఆ పార్కిన్సన్ పుట్టినరోజున, మన గ్రూపులో సంఘం తరఫున ఈ జబ్బుకి గుర్తుగా వాడే ఎర్ర తులిప్ పువ్వు బొమ్మ పెట్టారు. ‘వారికి అండగా నిలుద్దాం’ అని రాశారు. బాగుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో మా జబ్బు పేరు కూడా ఉంది, ఆటపాటల్లో అందరితో పాటు పాల్గొనే హక్కు గురించీ అందులో ఉంది. ఆ చట్టం ప్రభుత్వాలకి చెప్పిందా, కాలనీ సంఘాలకి చెప్పిందా అని వాదించడానికి నేను రాలేదు, మనవరాలు వద్దంది కూడా. పువ్వు పెట్టినవాళ్లే నోటీసూ పెట్టారు కదా అని మాత్రం ఒకసారి అనుకోండి.

అడిగేది పెద్దదేం కాదు. సోమ, బుధ, శుక్రవారాలు పదిన్నర నుంచి పదకొండున్నర, కింది హాలు, ఇప్పటిలాగే. ఫంక్షన్ బుకింగ్ ఉంటే ఆ రోజు మానేస్తాం, ముందు రోజు చెబితే చాలు. నేల కడిగిన పొద్దున్న అయితే వాచ్‌మన్ ఒక మాట చెప్పాలి. చేతులున్న కుర్చీలు ఆరు స్టోర్ రూములో పడున్నాయి, వాటిని బయట పెట్టనివ్వండి. ఇంకొకటి, దీనికి ఖర్చు లేదు. హాలు తలుపుకి రెండు రెక్కలున్నాయి, ఎప్పుడూ ఒకటే తీస్తారు. రెండోదానికి పైగడియ తుప్పు పట్టింది. ఆ ఒంటి రెక్క సందు దగ్గరే మాలో ముగ్గురికి కాళ్లు అతుక్కుపోతాయి. నూనె వేసి రెండు రెక్కలూ తెరిపించండి. నిజానికి నేనే వేసేవాణ్ణి, స్టూలెక్కడం మానేశాను.

ఆదివారం జనరల్ బాడీ సాయంత్రం ఏడింటికి పెట్టారు. ఆ వేళకి మాలో చాలామందికి మందు దిగిపోతుంది. కూర్చుంటే లేవలేం, లేచినా మాట పైకి రాదు. మీరు ‘ఎవరికైనా అభ్యంతరముందా’ అని అడిగి నిశ్శబ్దం చూసి తీర్మానం రాసేస్తారు. దాన్ని పదకొండు గంటలకి మార్చగలరేమో చూడండి. మార్చలేకపోతే నేను లేవడానికి కాస్త సమయం పడుతుంది, ఆగండి.

అంతకు ముందు బుధవారం ఒకటుంది. వీలైతే ఒకసారి హాలుకి రండి, అధ్యక్షుల వారు తప్పకుండా. కోలాటం కర్రలు ఒక జత ఎక్కువే ఉన్నాయి.

ఈ ఉత్తరం అచ్చు కాపీ ఒకటి కార్యదర్శి గారికి అందజేస్తున్నాను. దాని అడుగున సంతకం చేశాను. పాత రసీదు పుస్తకాల్లో ఉన్నదానితో పోలిస్తే కలవదు. నాదే.

ఇట్లు,
వ్యాయామ బృందం తొమ్మిది మంది తరఫున,
మీ పాత కోశాధికారి